సినిమా సమీక్ష రాద్దాం – 4: పుస్తకంలో ఉంది, సినిమాలో లేదు, అయితే ఏమిటి?

పోయిన పాఠంలో ‘ట్వైలైట్’ మొదటి సినిమా చూసి ఒక పేజీ సమీక్ష రాయమన్నాను. బెల్లా అనే మామూలు అమ్మాయి, ఎడ్వర్డ్ అనే వ్యాంపైర్‌ని, అంటే రక్తం తాగి బతికేవాణ్ని, ప్రేమించిన కథ అది. రాజాం నుంచి టెక్కలి దాకా మీరు పంపినవన్నీ చదివాను. ఈసారి నేపథ్య సంగీతం చెప్పాల్సింది, దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఎందుకంటే చాలామంది రాసింది సమీక్ష కాదు, తీసేసిన సీన్ల జాబితా. ‘నవలలో ఫలానాది ఉంది, సినిమాలో లేదు, కాబట్టి బాగాలేదు.’ ఆ ‘కాబట్టి’ దగ్గరే నాకు పేచీ.

కథ ఎంతవరకు చెప్పాలి, నటీనటుల పేర్లు ఎక్కడ రాయాలి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఈ సినిమాకి మూలమైన స్టెఫెనీ మేయర్ నవల 2005లో వచ్చింది. కథ దాదాపు అంతా బెల్లాయే చెబుతుంది. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. 2008లో కేథరిన్ హార్డ్‌విక్ సినిమా తీసినప్పుడు బెల్లా గొంతు అక్కడక్కడ వినిపించినా, ఆమె మనసులో ఉన్నదంతా ముఖంలోనో, వెలుతురులోనో, ఇంకో సీన్‌లోనో చూపించాల్సి వచ్చింది. మార్పులు తప్పవు. మార్చినందువల్ల సినిమాకి ఏం కలిసొచ్చింది, ఏం పోయింది అన్నదే మీరు తేల్చాలి.

మనుషుల్ని వేటాడే వ్యాంపైర్లు, జేమ్స్ ముఠా సంగతే తీసుకోండి. నవల చివరికి వస్తుండగా వాళ్లు బేస్‌బాల్ ఆట మధ్యలో ఊడిపడతారు. సినిమాకి స్క్రీన్‌ప్లే రాసిన మెలిస్సా రోజెన్‌బర్గ్ ఆ ముఠా చేసే హత్యల్ని ముందే చూపించారు. దాంతో ప్రేమకథ నడుస్తున్నంతసేపూ మనకి ఒక టెన్షన్ ఉంటుంది, ఆటలోకి వాళ్లు నడిచొచ్చేసరికి భయం సిద్ధంగా ఉంటుంది. పోయింది ఏమిటంటే, బెల్లాతో పాటు మనమూ ఉలిక్కిపడే అవకాశం. నా లెక్కలో ఇది లాభమే. మీకు నష్టమనిపిస్తే అలాగే రాయండి, కానీ ఎందుకో చెప్పండి.

ఇంకొకటి, బయాలజీ క్లాసు. బెల్లా ఫ్యాన్ ముందు ఆగుతుంది, జుట్టు ఎగురుతుంది, ఆమె వాసన ఎడ్వర్డ్‌కి తగులుతుంది. ఎడ్వర్డ్ ముక్కు మూసుకుని బిగుసుకుపోతాడు. అతని వెనక గడ్డి కూరిన తెల్ల గుడ్లగూబ రెక్కలు చాచి ఉంటుంది. ఒక్క క్షణం ఆ రెక్కలు అతనివే అనిపిస్తాయి. రాక్షసుడా, దేవదూతా అన్న ప్రశ్న ఒక్క మాట లేకుండా అక్కడే మన మనసులో పడిపోయింది. మీరు పంపినవాటిలో ఒక్కదానిలోనూ ఆ గుడ్లగూబ లేదు! నేనైతే ముఖ్యమైన సీన్‌ని ఒకసారి సౌండ్ ఆపి చూస్తాను. మీరూ చూడండి, చాలా దొరుకుతాయి.

అలాగని అన్నిటినీ వెనకేసుకు రావద్దు. ఎండలో ఎడ్వర్డ్ మెరిసే సీన్ తేలిపోయింది. నవలలో బెల్లా ఆశ్చర్యమే దాన్ని నిలబెట్టింది, తెర మీద ఆ మెరుపు చెమట పట్టినట్టుంది. అది నిజమైన లోపం. కానీ ఆమదాలవలస నుంచి ఒకరు ‘వ్యాంపైర్ ఎండకి కాలిపోవాలి కదా’ అని తప్పు పట్టారు. అది లోపం కాదు. 1897 నాటి ‘డ్రాకులా’ నవలలో డ్రాకులా పగలు తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. ఎండకి చావడం 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమాతో స్థిరపడింది. ఏ కథకైనా తన నియమం తనది. ఆ నియమాన్ని కథ చివరిదాకా పాటించిందా లేదా అన్నది చూడండి.

‘టీనేజీ పిల్లల సినిమా’ అని ఒక్క మాటతో కొట్టిపారేసినవాళ్లకి నేను మార్కులు వేయలేదు. పదిహేడేళ్ల పిల్ల భయాన్నీ కోరికనీ సినిమా ఎంత నిజాయితీగా పట్టుకుందో చూడకుండా ఆ మాట అనే హక్కు మనకి లేదు.

అభ్యాసం: ‘కన్యాశుల్కం’ నాటకం మన విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర గిరీశం స్వగతంతో మొదలవుతుంది. ఆ స్వగతాన్ని ఒక్క మాట లేకుండా తెర మీద ఎలా చూపిస్తారో ఒక పేజీ రాయండి. ఆ తర్వాతే 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా చూసి, నాటకం నుంచి మారిన ఒకే ఒక్క చోటు తీసుకుని లాభనష్టాలు రాయండి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాటలు వాడకూడదు. కష్టమే, పదిహేను రోజులు టైమ్ తీసుకోండి.