హైనాన్ వెళ్తున్నారా? బీచ్ కోసమైతే వద్దు

హైనాన్ దీవిలోని సాన్యా ఊరు 18 డిగ్రీల చిల్లర ఉత్తర అక్షాంశం మీద ఉంది, మన శ్రీకాకుళమూ అంతే. అదే ఎండ, అదే ఉక్కపోత, అవే కొబ్బరి చెట్లు, తుఫాన్ల భయం కూడా ఉంది. కాబట్టి చైనా దక్షిణపు కొసన ఉన్న ఈ దీవికి సముద్రం చూడ్డానికని డబ్బు పోసి వెళ్లే ఆలోచన ఉంటే, ముందు బారువకో కళింగపట్నానికో పోయి ఒక పూట కూర్చుని రండి, ఖర్చు మిగులుతుంది. హైనాన్‌లో చూడాల్సినవి వేరే ఉన్నాయి, తినాల్సినవి ఇంకా ఎక్కువ ఉన్నాయి.

ముందు వీసా సంగతి. హైనాన్‌కి వీసా అక్కర్లేదని చెప్పే వీడియోలు బోలెడు కనిపిస్తాయి. ఆ సౌకర్యం 59 దేశాల వాళ్లకి, 30 రోజుల వరకు, ఆ లిస్టులో ఇండియా లేదు. మనకి మామూలు చైనా టూరిస్ట్ వీసానే కావాలి, దాన్ని ఎల్ వీసా అంటారు, 2025 జులై నుంచి మనవాళ్లకి మళ్లీ ఇస్తున్నారు. అది చేతికొచ్చేదాకా, క్యాన్సిల్ చేస్తే డబ్బులు వెనక్కి రాని టికెట్ ఏదీ కొనకండి.

దారి విషయంలో మన జిల్లాల వాళ్లకి ఒక సుఖం ఉంది. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో హౌరా రైలెక్కితే చాలు. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా వెళ్లే విమానం 2025 అక్టోబర్‌లో మళ్లీ మొదలైంది, షెడ్యూళ్లు మారుతుంటాయి గనక కొనేముందు చూసుకోండి. గ్వాంగ్‌జౌ నుంచి దీవి ఉత్తరపు కొసన ఉన్న హైకౌకో, దక్షిణపు కొసన ఉన్న సాన్యాకో ఇంకో చిన్న విమానం. ఓపికుంటే మాత్రం విమానం మానేసి మామూలు రైలెక్కండి: దీవికీ ఒడ్డుకీ మధ్య జలసంధి ఉంది కదా, అక్కడ రైలు పెట్టెల్ని కొన్ని కొన్నిగా విడదీసి ఓడలోకి తోస్తారు, మనం పెట్టెలోనే కూర్చుని సముద్రం దాటతాం, అవతల మళ్లీ తగిలిస్తారు. టైం దండగే, కానీ పిల్లలుంటే ఆ ముచ్చట కోసమైనా ఎక్కాలి.

బయల్దేరే ముందే ఫోన్‌లో డబ్బు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డో మాస్టర్‌కార్డో తగిలించి ఉంచండి. కొబ్బరిబోండాం అమ్మేవాళ్ల దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉంటుంది. అక్కడి వైఫై మీద గూగుల్, వాట్సాప్ రావు, మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు. చిన్న లాడ్జీలు కొన్ని విదేశీయుల్ని దించుకోవు, గది తీసుకునే ముందే అడగండి.

ఎప్పుడు వెళ్లాలి? నవంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది, చైనా కొత్త సంవత్సరం వారం తప్ప. ఉత్తర చైనా చలికి తట్టుకోలేని వాళ్లంతా అప్పుడు సాన్యాలోనే ఉంటారు, గది రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. జులై నుంచి అక్టోబర్ దాకా తుఫాన్ల కాలం. 2024 సెప్టెంబర్‌లో యాగి తుఫాను దీవి ఈశాన్యాన ఉన్న వెన్‌చాంగ్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ చూసిన ఉద్దానం వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దీవి చుట్టూ హైస్పీడ్ రైలుంది, తూర్పు లైను 2010లో, పడమటి లైను 2015లో మొదలయ్యాయి, రెండూ కలిపి 653 కిలోమీటర్ల చుట్టు. టికెట్ కొన్నాక పాస్‌పోర్టు చూపిస్తే చాలు. అందుకని ఒక్క హోటల్లో పాతుకుపోకుండా హైకౌలో దిగి తూర్పు లైను మీద వెన్‌చాంగ్, వాన్‌నింగ్ చూసుకుంటూ సాన్యాకి రండి.

హైకౌలో పాత వీధులు నడవాలి. సింగపూర్, మలయా వైపు వలస పోయి సంపాదించుకొచ్చినవాళ్లు కట్టించిన మేడలు, కింద వర్షం తగలకుండా నడిచే వసారాలు. అక్కడి టీ దుకాణాలు దీవి మొత్తంలో నాకు బాగా నచ్చే విషయం. పొద్దున్నే ముసలాళ్లు చేరతారు, ఒక కుండ టీ, రెండు తీపి బన్నులు పెట్టుకుని, లాటరీ నంబర్ల కాగితాలు ముందేసుకుని, పూటంతా గడిపేస్తారు. లేవమని ఎవరూ అనరు. మీరూ వెళ్లి కూర్చోండి, మాట్లాడేది చైనీస్ మాండరిన్ కాదు, హైనాన్ వాళ్ల సొంత భాష, కాబట్టి ఫోన్‌లోని అనువాదం యాప్ కూడా నోరెళ్లబెడుతుంది.

తిండిలో వెన్‌చాంగ్ కోడి మొదటిది. సింగపూర్‌లో పేరు మోసిన చికెన్ రైస్‌కి మూలం ఇదే. కోడిని మొత్తంగా నీళ్లలో తెర్లనీయకుండా సన్న సెగ మీద ఉడికించి, చల్లార్చి, ఎముకతో సహా నరికి పెడతారు, మసాలా అనేది మచ్చుకైనా ఉండదు. మొదటి ముక్కకి మనవాళ్ల మొహాలు మాడిపోతాయి. ఆగండి, పక్కన చిన్న గిన్నె ఉంటుంది: దంచిన అల్లం, వెల్లుల్లి, ఉప్పు, ఉసిరికాయంత పచ్చి నారింజ ఒకటి. దాన్ని పిండి కలుపుకోండి, పసుప్పచ్చ మిరపకాయల పచ్చడి అడిగి వేసుకోండి, ఆ కారం ఘాటు తక్కువదేం కాదు. ముక్కని అందులో ముంచి, కోడి కొవ్వుతో వండిన అన్నంతో తినండి. ఎండలో తిరిగొచ్చాక చింగ్‌బూల్యాంగ్ తాగండి, చల్లటి కొబ్బరిపాలలో పెసలు, వేరుశెనగలు, పుచ్చకాయ ముక్కలు వేసి ఇస్తారు. శాకాహారులు జాగ్రత్త, చాలాసార్లు అందులో కౌజుపిట్ట గుడ్డు కూడా ఉంటుంది. "వో చీ సూ" అంటే శాకాహారం తింటానని చెప్పినట్టు, అది చైనీస్ అక్షరాల్లో ఫోన్‌లో ఉంచుకోండి. సాన్యా దగ్గర నాన్‌షాన్‌లో గ్వాన్‌యిన్ అనే కరుణా దేవత 108 మీటర్ల విగ్రహం ఉన్న బౌద్ధ క్షేత్రంలో మాత్రం శాకాహార భోజనానికి ఇబ్బంది లేదు.

ఇక అసలు సంగతి, దీవి మధ్యలోని కొండలు. అక్కడ లీ జనం, మియావో జనం ఉంటారు. రైలు తీరం వెంబడే పోతుంది గనక సాన్యా నుంచి బస్సో కారో మాట్లాడుకుని బావ్‌థింగ్, వూజీషాన్ వెళ్లాలి, కనీసం ఒక రాత్రి అక్కడ ఉండాలి. లీ ఆడవాళ్ల నేత చూడ్డానికే ఈ ప్రయాణం. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పడుగుకి ఒక కొసన ఉన్న కర్రని పాదాలతో తన్నిపట్టి, రెండో కొసని నడుముకి కట్టుకుంటారు. మగ్గానికి వేరే చట్రం లేదు, ఒళ్లు వెనక్కి వాల్చితే దారం బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. వడకడం, రంగు, నేత, కుట్టు అన్నీ కలిపి ఈ విద్యని యునెస్కో 2009లో అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో పెట్టింది, 2024లో ఆ జాబితా నుంచి తీసి మామూలు జాబితాలోకి మార్చింది. పదమూడో శతాబ్దంలో హువాంగ్ దావోపో అనే ఆవిడ ఇక్కడే పత్తి పని నేర్చుకుని, ఇప్పటి షాంఘై ప్రాంతానికి తీసుకెళ్లి నేర్పిందని చైనా వాళ్లు చెప్పుకుంటారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూసినవాళ్లకి ఈ పనిలో ఓపిక ఎంతో ఇట్టే తెలిసిపోతుంది.

బావ్‌థింగ్ దగ్గర బింగ్‌లాంగ్ లోయ అని టికెట్ పెట్టి చూపించే చోటు ఉంది. డాన్సులు టూరిస్టుల కోసమే, వాటిని వదిలేయండి, నేత దగ్గర కూర్చున్న ముసలమ్మల పని మాత్రం నిజం. కొందరి మొహాల మీద పాతకాలపు పచ్చబొట్లు ఉంటాయి, అడక్కుండా ఫోన్ ఎత్తకండి. తీరిక ఉంటే వూజీషాన్‌లోని జాతుల మ్యూజియం కూడా చూడండి. పండగ కావాలంటే సాన్యూఏసాన్ రోజుకి వెళ్లాలి, వాళ్ల మూడో నెల మూడో తిథి, మనకి చాలా ఏళ్లు ఉగాది వెళ్లిన వెంటనే వస్తుంది, కొన్నేళ్లు అక్షయ తృతీయ నాడు.

బట్ట కొనాలనుకుంటే వెడల్పు చూడండి. నడుముకి కట్టుకుని నేసింది సన్నగానే వస్తుంది, అందుకే లీ లంగాలు కొన్ని పేటలు కలిపి కుట్టినవి. దుప్పటంత వెడల్పున అతుకు లేకుండా ఉన్నదాన్ని లీ నేత అని అమ్మితే, అది నడుముకి కట్టుకుని నేసింది కాదు.