ఉచ్చు కనబడితే పీకకండి: రాజురా, సిరొంచ వైపు ఊళ్లకు

మహారాష్ట్రలోని తడోబా అభయారణ్యం పులులు తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవికి దిగే దారుల్లో ఒకటి రాజురా మీదుగా ఉంది. పందికీ దుప్పికీ పెట్టిన ఉచ్చులో ఆ దారిన వచ్చేది ఏదైనా పడొచ్చు.

ఉచ్చులు వెతకడానికి ఐదారుగురు మూడు నాలుగు మీటర్ల ఎడంతో వరసగా నడవాలి. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండకు తీగ మెరుస్తుంది; మిట్టమధ్యాహ్నం ముందున్నా కనబడదు. చెట్ల మొదళ్లను మోకాలెత్తున చూడండి. కంప అడ్డంగా పరిచి ఒక్క సందు వదిలారంటే అనుమానించాల్సింది ఆ సందునే. తీగ తరచూ బండి క్లచ్ వైరే.

గూటాల మీదుగా, సీసాలకు చుట్టి బోడి తీగ సాగుతుంటే మాత్రం 11 కేవీ లైనుకు తగిలించారనే అనుకోండి. పది మీటర్ల లోపలికి పోవద్దు; తడి నేల మీద తీగ ముట్టకుండానే షాక్ కొట్టొచ్చు. ఇప్పటికే దగ్గరికి వచ్చేశారా, పెద్ద అంగలు వేయకుండా, పాదాలు రెండూ కలిపి ఉంచి, నేల మీంచి ఎత్తకుండా జరుపుతూ వెనక్కి రండి. కర్రతో కొండి లాగేస్తానని ముందుకొచ్చే మొనగాడు ఊరికొకడుంటాడు, వాణ్ణి ఆపండి. పదకొండు వేల వోల్టులకు ఎండు కర్రనూ నమ్మలేం. కరెంటోళ్లకు 1912, మహారాష్ట్ర అటవీశాఖకు 1926. తీగ తగిలించిన రాత్రి ఫీడరు (ఆ కరెంటు లైను) ఎన్ని గంటలకు ట్రిప్ అయి ఆగిందో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఉంటుంది. నకలు తీసుకొమ్మని అటవీ గార్డుకు గుర్తుచేయండి, కేసులో పనికొస్తుంది.

వట్టి వైరు ఉచ్చైనా పీకి ఇంటికి తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఉచ్చు పన్నడమూ వేటే, జంతువు పడకపోయినా. కాని తీగ చెట్టుకున్నంతసేపే గట్టి సాక్ష్యం. మీ చేతికొస్తే అనుమానం మీ మీదికే తిరుగుతుంది. లొకేషన్ ఆన్ చేసి దూరం నుంచి ఒక ఫొటో, ముడికి దగ్గరగా ఒకటి, పక్కన పెన్ను పెట్టి ఒకటి తీయండి. ప్రాణహిత ఒడ్డున ఏ రాష్ట్రం కేసన్న పేచీ వస్తే తేల్చేది ఆ లొకేషనే. అడుగుజాడ ఉంటే చెరిగిపోకుండా దాని మీద తట్ట బోర్లించండి. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారో, ఉచ్చు పన్నినవాడూ అందులోనే ఉండొచ్చు. తీగ తీయాలా, కాపు కాసి పట్టాలా అన్నది గార్డు తేల్చుకుంటాడు.

జంతువు బతికుంటే తీగ కోయవద్దు. చిరుతైతే వదిలిన మరుక్షణం మీదికి దూకుతుంది. దుప్పైతే బెదిరి గింజుకుని గుండె ఆగి చస్తుంది. మత్తిచ్చే డాక్టరు వచ్చేదాకా జనాన్ని దూరంగా, నోరెత్తకుండా ఉంచడమే మీ పని.

పంచనామా మరాఠీలో రాస్తారు. సాక్షి సంతకం అడిగితే తెలుగులో చదివి చెప్పించుకున్నాకే పెట్టండి. తీగ పొడవు, ముడి, చెట్టు, వేళ మీరు చూసినట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. రేపు కోర్టులో ‘ఏం రాశారో నాకు తెలియదు’ అన్నారంటే కేసు వీగిపోయేది అక్కడే.