బౌలింగ్ బంతిని చేతిలోంచి సరిగ్గా వదలడం ఎలా?

ఇది క్రికెట్ బౌలింగ్ కాదు; బొటనవేలికి, మధ్యవేలికి, ఉంగరపు వేలికి మూడు రంధ్రాలున్న బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట. ఆ బంతి దొర్లే పొడవాటి బాటే లేన్. బౌలింగ్ లేన్ పక్కన కాసేపు కూర్చుని కొత్తవాళ్ల చేతుల్ని గమనించండి. కొందరి బంతి ధడేలుమని నేల మీద పడుతుంది. ఇంకొందరి బంతి చేతికి అతుక్కున్నట్టు ఆగి, ఆలస్యంగా ఊడి, గాల్లోకి లేస్తుంది. రెండూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ, చాలాసార్లు మూలం ఒక్కటే. బంతి జారిపోతుందేమోనన్న భయంతో బొటనవేలిని బిగిస్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను. బలం చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా పట్టుకునేవాణ్ణి.

మంచి రిలీజ్ (బంతిని వదిలే తీరు) అంటే ఇంతే: ముందు బొటనవేలు బయటికి రావాలి, ఆ వెంటనే మధ్యవేలు, ఉంగరపు వేలు రావాలి. ఈ రెండింటి మధ్య దొరికే రెప్పపాటులోనే ఆ రెండు వేళ్లూ బంతిని తిప్పుతాయి. బొటనవేలు లోపలే ఇరుక్కుంటే ఆ రెప్పపాటు ఉండదు, తిప్పడమూ ఉండదు.

(ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చుకోండి.)

ముందు చేతికి సరిపోయే బంతి

బరువు కన్నా ముందు రంధ్రాలు చూడండి. బొటనవేలిని దాని రంధ్రంలో పూర్తిగా దూర్చి, మిగతా రెండు వేళ్లను వాటి రంధ్రాల మీద ఊరికే పరచండి. వేలి కొన నుంచి లెక్కపెడితే రెండో కణుపు గీత రంధ్రం దగ్గరి అంచును దాటి పావు అంగుళం లోపలికి రావాలి. తర్వాత వేళ్లు దూర్చి పట్టుకుంటే, అరచేతికీ బంతికీ మధ్య ఒక పెన్సిల్ పట్టేంత సందు ఉంటే చాలు.

బొటనవేలి రంధ్రం సంగతి ఇంకా ముఖ్యం. వేలు గోడలకు మెల్లగా రాసుకుంటూ తిరగాలి, లాగకుండా బయటికి రావాలి. వదులుగా ఉంటే మీరు అనుకున్నా అనుకోకపోయినా చెయ్యి బిగుస్తుంది. సొంత బంతి ఉన్నవాళ్లు రంధ్రం లోపల టేప్ ముక్క అతికించి సరిచేసుకుంటారు. ఆడుతుంటే వేలు వాస్తుంది, ఒక్కోసారి సన్నబడుతుంది కూడా. అందుకే ఆట మధ్యలో టేప్ పెట్టడం, తీయడం మామూలే. లేన్ వాళ్లిచ్చే బంతితో ఆడుతుంటే మొహమాటపడకుండా ఇంకో బంతి తెచ్చుకోండి.

బరువు 16 పౌండ్ల దాకా ఉంటుంది. చెయ్యి వంకర పోకుండా హాయిగా ఊపగలిగినదే మీ బరువు.

పట్టు

నీళ్ల బకెట్ మోసేటప్పుడు హ్యాండిల్‌ను పిసకం కదా. వంచిన వేళ్ల మీద బరువు దానంతట అదే వేలాడుతుంది. బంతి కూడా అలాగే వేలాడాలి. పట్టు ఆ రెండు వేళ్లదే, బొటనవేలు తోడుగా ఉంటుందంతే. దాన్ని నిటారుగా ఉంచండి, లోపల కణుపు దగ్గర వంచకండి. వంచితే కొక్కెంలా తగులుకుంటుంది.

వంచుతున్నారో లేదో మీ చర్మమే చెబుతుంది. బొటనవేలి వెనకవైపు, కణుపు మీద తోలు లేస్తుంటే లోపల వేలు వంగుతోందని అనుమానించండి.

లేన్ బంతుల్లో వేళ్లు రెండో కణుపు దాకా వెళ్తాయి. సొంత బంతికి రంధ్రాలు వేయించుకునే ఫింగర్‌టిప్ పట్టులో మొదటి కణుపు దాకానే. దానితో బంతి ఎక్కువ తిరుగుతుంది గానీ, బొటనవేలు సాఫీగా వచ్చే అలవాటు పడ్డాకే అటు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

వదిలే క్షణం

చెయ్యి గడియారపు లోలకంలా భుజం నుంచి ఊగాలి. తోయకండి. కిందికి వస్తున్నప్పుడు అరచెయ్యి బంతి వెనకాలే ఉండి పిన్నుల వైపు చూడాలి. మణికట్టు నిటారుగా, వెనక్కి విరగకుండా ఉండాలి. చివరి అడుగులో జారి ఆగే ఎడమ పాదం చీలమండ పక్కకు బంతి వచ్చినప్పుడు బొటనవేలు బయటపడుతుంది. అప్పుడే, అంతకు ముందు కాదు, చెయ్యి కాస్త ఎడమకు తిరిగి షేక్‌హ్యాండ్ ఇచ్చే తీరుకు వస్తుంది. వేళ్లు బంతి పక్కనుంచి పైకి లేస్తాయి. చెయ్యి అలాగే ముందుకు, పైకి సాగిపోనివ్వండి.

ఇక్కడే అందరికీ ఆత్రం. బంతి తిరగాలని డోర్ నాబ్ తిప్పినట్టు మణికట్టును గిర్రున తిప్పేస్తారు. చెయ్యి బంతి మీదికి ఎక్కేస్తుంది, బొటనవేలు నేల వైపు చూస్తుంది. బంతి బొంగరంలా తిరుగుతుంది గానీ పిన్నుల దగ్గర పస ఉండదు. తిప్పడం కొంచెమే, చివర్లోనే.

ఇంతా ఎందుకంటే, ఫౌల్ లైన్ (బంతి వేసేవాళ్లు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను 60 అడుగుల దూరం. లేన్ ముందుభాగం మీద నూనె పూత ఉంటుంది, అక్కడ బంతి జారుతూ వెళ్తుంది. చివర పొడి భాగం తగలగానే మీ వేళ్లిచ్చిన తిప్పుడు పట్టు దొరికించుకుని బంతి ఎడమకు మళ్లుతుంది. అలా ఏటవాలుగా 1, 3 పిన్నుల (అన్నిటికన్నా ముందుది, దాని వెనక కుడివైపుది) మధ్యకు దూరిన బంతి అంత తేలిగ్గా పక్కకు తప్పుకోదు. నిఖార్సైన స్ట్రైక్‌లో (ఒక్క బంతికే పది పిన్నులూ పడితే స్ట్రైక్) బంతి తాకేది 1, 3, 5, 9 పిన్నులనే. మిగతా ఆరింటినీ పిన్నులే పడగొడతాయి.

సాధన

ఇంట్లో టెన్నిస్ బంతి చాలు. బొటనవేలు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని కింది నుంచి ఊపి, బొటనవేలు ముందు వదిలేయండి. నేలకు తగలగానే బంతి ఎడమకు మళ్లితే వేళ్లు పని చేసినట్టే.

లేన్ మీద మోకాలి సాధన అన్నిటికన్నా మేలు. అక్కడి సిబ్బందిని అడిగి, ఫౌల్ లైన్ వెనక కుడి మోకాలు నేలకు ఆనించి, ఎడమ పాదం ముందుకు పెట్టండి. చెయ్యి రెండుమూడుసార్లు ఊపి ఎడమ చీలమండ పక్కన వదిలేయండి. అడుగులు లేవు, పరుగు లేదు కాబట్టి చెయ్యి చేసే తప్పు దాక్కోలేదు. పిన్నులు లెక్కపెట్టకండి. వినాల్సింది చప్పుడే. ధడ్ మంటే బొటనవేలు తొందరగా జారిపోయిందో, లైన్ అవతల పైనుంచి పడిందో అని అర్థం. చప్పుడు లేకుండా నేల మీదికి దిగాలి. ఇలా 20 సార్లు వేశాక లేచి ఒక్క అడుగుతో, ఆ తర్వాత మామూలు నాలుగు అడుగులతో వేయండి. అడుగులు కలవగానే పాత బిగింపు తిరిగొస్తుంది. మళ్లీ మోకాలి మీదికి రావడానికి సిగ్గుపడొద్దు. మణికట్టు నొప్పిగా ఉంటే ఆరోజుకి ఆపేయండి.

తిరిగొచ్చిన బంతిని తుడిచేసే ముందు ఒకసారి చూడండి. దాని చుట్టూ నూనె గీత ఒకటి ఉంటుంది. అది బొటనవేలి రంధ్రానికి ఎడమగా, దానికి దగ్గరగా పెద్ద వలయంలా ఉంటే చెయ్యి బంతి వెనకే ఉందని అర్థం. చిన్న వలయంగా, రంధ్రాలకు బాగా దూరంగా ఉంటే మళ్లీ డోర్ నాబ్ తిప్పారు. గీత రంధ్రాల మీదుగా వెళ్తే బంతి దొర్లుతూ టక్‌టక్‌మని చప్పుడు చేస్తుంది.

తిప్పడం కుదిరాక తిప్పకుండా వేయడమూ నేర్చుకోవాలి. కుడి మూలన 10వ పిన్ను ఒక్కటే మిగిలితే హుక్ బంతి (తిరుగుతూ వెళ్లి ఎడమకు మళ్లేది) దాని ముందే ఎడమకు తప్పుకుంటుంది. అప్పుడు చెయ్యి తిప్పకుండా, వదిలాక కూడా అరచెయ్యి పైకే చూసేలా ఉంచి, ఎడమవైపు నుంచి ఏటవాలుగా నేరుగా వేయండి.