మేత బస్తాల ట్రైలర్ మీద తెరచాప పడవ

రొయ్యల గుంటలకి మేత బస్తాలు తోలే రెండు చక్రాల ట్రైలర్ ఇంట్లో ఉంటే, నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి లేజర్ లాంటి చిన్న తెరచాప పడవ తీసుకెళ్లడానికి వేరేది కొనక్కర్లేదు. ఒట్టి పడవ 59 కిలోలే, బరువు సమస్యే కాదు, ఇబ్బందంతా 4.2 మీటర్ల పొడవుతోనే.

ఆరడుగుల తొట్టిలో పెడితే సగం పడవ వెనక్కి వేలాడుతుంది, అందుకని ముందున్న డ్రాబార్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కడ్డీ) పొడవు పెంచాలి. పాత బార్ కొసకి ముక్క అతికించి వెల్డింగ్ చేయించొద్దు, గతుకులకి అతుకు దగ్గరే విరుగుతుంది. ఇరుసు దగ్గర్నుంచి హుక్ దాకా ఒకటే బాక్స్ పైపు వేయించండి. పడవ ఎక్కించాక ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి హుక్ కింద కాటా పెట్టి చూడండి, మొత్తం బరువులో పదో వంతు అక్కడ పడాలి, అంటే అంతా కలిపి 230 కిలోలైతే 23. నేను మొదటిసారి ఇది చూసుకోలేదు, హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయి చాలా టెన్షన్ పడ్డాను. పడవని అడుగున్నర ముందుకి జరిపితే కుదురుకుంది.

ఫైబర్ అడుగు పల్చన, చెక్క మీద నేరుగా కూర్చోబెడితే సొట్ట పడుతుంది. బరువు అంచుల మీద పడాలి: అణియం (పడవ ముందు కొస) దగ్గర వెడల్పాటి బెల్టు ఉయ్యాలలా కట్టి, అమరం (వెనక కొస) వైపు రెండంచుల కింద మందపాటి కొబ్బరిపీచు పట్టా వేయండి. పైన కట్టే బెల్టులు కదలకుండా ఉంటే చాలు, బలం కొద్దీ బిగిస్తే డెక్ పగులుతుంది. బస్తాల కోసం వేసిన కమాను పట్టీలు ఇంత తేలిక బరువుకి వంగవు, ప్రతి గతుకూ పడవకే తగులుతుంది, ఒకటో రెండో తీయించండి. మేత తోలే ముందు మాత్రం తప్పకుండా మళ్లీ వేయించాలి.

వెనక లైట్లు, నంబర్ ప్లేటు పడవ కింద కనపడవు. వాటిని చెక్కకి బిగించి పడవ కొసకి కట్టండి.

తెరచాప కట్టే స్తంభం అల్యూమినియం, నిలబెడితే ఆరు మీటర్లు. గుంటల వెంబడి కరెంటు తీగలు కిందికి ఉంటాయి, ప్రాణాలు పోతాయి, దయచేసి ఇసుక మీదకి వెళ్లి పైకి చూశాకే నిలబెట్టండి. నిలబెట్టాక ట్రైలర్‌ని అడుగు కూడా కదపొద్దు.

చక్రాలు ఉప్పునీళ్లలో దించొద్దు, వేడి బేరింగ్ నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. ఒడ్డున ఉన్న చేపల వేటగాళ్లని "అన్నా, ఒక చెయ్యి వేయండి" అంటే చాలు, నలుగురు మోస్తే నిమిషం పని. ఇంటికి రాగానే బోరు నీళ్లతో ట్రైలర్ అడుగు, బోల్టులు కడిగి గ్రీజు పెట్టండి, రేపటికి వాయిదా వేయొద్దు.