గదికి లేత నీలం వేయాలంటే ఎలా? షేడ్ ఎంపిక నుంచి బల్బుల దాకా

సంక్రాంతికి ఇంటికి వెల్ల వేసే రోజుల్లో సున్నం నీళ్లలో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. ఆరాక గోడ తెల్లగా, కనీకనిపించని నీలి ఛాయతో ఎంత చల్లగా ఉండేదో చూసినవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఎమల్షన్ రంగుల్లో (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్లలో) లేత నీలం అడిగేవాళ్లు కోరుకునేది దాదాపు ఆ చల్లదనాన్నే. అయితే వెలుతురును బట్టి ఇంతగా మారిపోయే రంగు మరొకటి లేదనిపిస్తుంది నాకు. అందుకే షాపుకు వెళ్లే ముందు గదిని చూడాలి.

1. కిటికీ ఎటు ఉందో చూడండి

ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలో నేరుగా ఎండ పడేది తక్కువ. అక్కడ మామూలు లేత నీలం వేస్తే బూడిద రంగులోకి దిగి, గది మబ్బు పట్టినట్టు ఉంటుంది. కాస్త ఆకుపచ్చ కలిసిన నీలం తీసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. పడమటి గదికి దీనికి ఉల్టా. సాయంత్రం ఎండ పసుపుగా పడి నీలాన్ని ఆకుపచ్చ వైపు లాగుతుంది కాబట్టి, కొంచెం బూడిద కలిసిన నీలం నయం. అపార్ట్‌మెంట్లలో ఎదురు బిల్డింగ్ గోడ రంగు కూడా మన గదిలోకి వస్తుంది, అది మర్చిపోవద్దు.

2. షేడ్ కార్డును నమ్మి కొనకండి

అమ్మ గదికి రంగు వేయించినప్పుడు నేను కార్డు చూసే ఎంచుకున్నాను. కార్డు మీద పాలల్లో నీలం చుక్క వేసినంత లేతగా ఉంది. నాలుగు గోడలకూ వేశాక అదే రంగు బాగా ముదురుగా కనిపించింది. ఒక గోడ రంగు ఇంకో గోడ మీద ప్రతిఫలించడం వల్ల అలా అవుతుంది. చివరికి మూడు గోడలు మళ్లీ వేయించాల్సి వచ్చింది. కాబట్టి కార్డులో మీకు నచ్చిన షేడ్ కన్నా ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోండి.

తర్వాత చిన్న శాంపిల్ డబ్బా కొని, తెల్ల చార్టు పేపరు మీద రెండు కోట్లు (పూతలు) వేయండి. పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకండి, ఎమల్షన్ ఆరాక సాధారణంగా కొంచెం ముదురుతుంది. ఆ చార్టును ఒక రోజు కిటికీ పక్క గోడకు, మర్నాడు దాని ఎదురు గోడకు అంటించి పొద్దున 8 గంటలకు, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి. రాత్రి కూడా నచ్చితేనే కొనండి. బెడ్‌రూమ్‌ని మనం ఎక్కువగా చూసేది ఆ వేళలోనే కదా.

3. గోడను సిద్ధం చేయండి

బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడలో చెమ్మ ఉంటే ముందు అది బాగు చేయించాలి. చెమ్మ మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా పెచ్చులు లేస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పాత పెచ్చులు గీకి, లప్పం పెట్టి, శాండ్ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, ఒక కోటు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయాలి. ప్రైమర్‌కు ముందు చీకటి పడ్డాక టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. పగలు కనిపించని గుంటలు, లప్పం గీతలు నీడలుగా లేస్తాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టి పెయింటర్‌కు చూపించండి. లేత రంగు ఇలాంటివి దాచదు.

4. లెక్క కట్టి ఒకేసారి కొనండి

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 400. లీటరు రంగు రెండు కోట్లకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 4 లీటర్లు కావాలి. రెండు డబ్బాలు తీసుకుంటే వేసేముందు పెద్ద బకెట్‌లో కలిపేయండి, లేకపోతే గోడకూ గోడకూ తేడా వస్తుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. పెయింటర్ చేత్తో స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) వేసి నీలం కలుపుతానంటే ఒప్పుకోకండి. రేపు మళ్లీ అదే షేడ్ రాదు.

5. వేయడం

ముందు సీలింగ్, తర్వాత మూలలూ అంచులూ బ్రష్‌తో, ఆ అంచులు ఆరకముందే మిగతాది రోలర్‌తో. కోటుకూ కోటుకూ మధ్య కనీసం 4 గంటలు. ముసురు పట్టిన రోజుల్లో వద్దు.

వంటింటి పొయ్యి వైపు గోడకు మాత్రం నేను లేత నీలం వద్దనే అంటాను. తాలింపు జిడ్డు పసుపుగా పేరుకుని గోడ పాచి పట్టినట్టు కనిపిస్తుంది.

6. గదిలో వెచ్చదనం నింపండి

నీలం చల్లని రంగు కాబట్టి మిగతావన్నీ వెచ్చగా ఉండాలి. టేకు మంచం, పేము కుర్చీ, ఇత్తడి కుంది దాని పక్కన బాగా నప్పుతాయి. మంగళగిరి నేత బట్టలో మీగడ రంగుది కర్టెన్లుగా కుట్టించుకోవచ్చు. ఎర్రమట్టి రంగు కలంకారీ దుప్పటి ఒక్కటి పరిచినా గది మారిపోతుంది. లేత నీలం గోడ ముందు అరలో కొండపల్లి బొమ్మలు పెట్టి చూడండి, ఆ ఎరుపూ పసుపూ ఎక్కడా లేనంత నిండుగా కనిపిస్తాయి.

బల్బుల విషయంలో రాజీ పడకండి. 6500కె (వెలుగు రంగును చెప్పే కెల్విన్ అంకె) అని రాసి ఉన్న తెల్ల ట్యూబ్‌లైట్ కింద ఈ రంగు ఆసుపత్రి వార్డులా ఉంటుంది. 3000కె వార్మ్ వైట్ పెడితే అదే గోడ మెత్తబడుతుంది. చదువుకునే బల్లకు మాత్రం విడిగా తెల్ల దీపం ఉంచుకోండి.

పని అయ్యాక మిగిలిన రంగును గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో పోసి, మూత మీద షేడ్ కోడ్, వేసిన తేదీ రాసి పెట్టుకోండి. స్విచ్ బోర్డు చుట్టూ మరకలు పడినప్పుడు అదే పనికొస్తుంది.