వాన నీళ్లతో పాటు మీ ఇంటి మురికి నాగావళిలో కలవకుండా ఏం చేయాలి?

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన కొట్టిన అరగంటకు మా శ్రీకాకుళంలో ఏ వీధి కాలువ దగ్గరైనా నిలబడి చూడండి. పారేది వాన నీళ్లని ఎవరూ అనరు. వేసవంతా డాబాల మీద పేరుకున్న దుమ్ము, కాకి రెట్టలు, వాకిళ్లలో బళ్ల నుంచి కారిన ఆయిలు, సర్ఫు నురగ, పేడ, ఎవరో ఇల్లు కడుతూ రోడ్డు మీద పోసిన ఇసుక, అన్నీ కలిసి పరిగెడుతుంటాయి. చాలా కాలువల చివర ఈ నీటిని శుద్ధి చేసే ఏర్పాటేమీ ఉండదు. అది నేరుగా గెడ్డలోకో (వాగులోకో), చెరువులోకో, నాగావళిలోకో పోతుంది. అక్కడి నుంచి కళ్లేపల్లి దగ్గర సముద్రంలోకి. చెరువులో గుర్రపుడెక్క ఊరికే పెరగదు, దానికి కావలసిన ఎరువు ఈ పేడా సబ్బు నీళ్లే అందిస్తాయి.

ఇంటి వాళ్లు చేయగలిగింది రెండు పనులు. వాన తగిలే చోట మురికి ఉంచకపోవడం ఒకటి. డాబా నీళ్లు వీధిలోకి పోకుండా పెరట్లోనే ఇంకుడు గుంత తవ్వి ఇంకించడం రెండోది. ఒక లెక్క చెబుతాను. 1,000 చదరపు అడుగుల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 93 లీటర్లు. అల్పపీడనం పట్టిన రోజున 50 మిల్లీమీటర్లు పడితే 4,600 లీటర్లు దాటుతుంది. ఇంత నీరు ఒక్కసారిగా వాకిలి మీదుగా దూకితే అక్కడున్నదంతా ఊడ్చుకుపోతుంది.

ముందు వాకిలి సంగతి

ఇది ఒక పూట పని. బండిని సిమెంటు గచ్చు మీద కాదు, గడ్డి మీదో మట్టి నేల మీదో కడగండి. ఆయిలు మరక మీద బకెట్టు నీళ్లు కుమ్మరించకండి. రంపపు పొట్టో ఊకో చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి చెత్తలో వేయండి. మార్చిన ఇంజిన్ ఆయిలు మెకానిక్ దగ్గరే వదిలేయండి. పశువులుంటే పెంటకుప్ప చుట్టూ జానెడు మట్టి గట్టు, పైన టార్పాలిన్. ఇసుక గుట్ట చుట్టూ ఒక వరస ఇటుకలు పేరిస్తే సగం ఇసుక ఆగుతుంది, మీ డబ్బూ మిగులుతుంది. బట్టలుతికిన నీళ్లను వాన పైపులో మాత్రం కలపొద్దు.

వాకిలంతా టైల్స్ వేసేయడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. బురద ఉండదట. బురద ఉండదు నిజమే, మీ ఇంటి ముందున్నది పక్క వీధిలో తేలుతుంది. బండి నిలిపే మేరకు గచ్చు చాలు.

ఇంకుడు గుంత తవ్వడం

కావలసినవి: గునపం, పార, తట్ట, 4 అంగుళాల పీవీసీ పైపు, రెండు మూడు టీలు (మూడు నోళ్లుండే పైపు జాయింట్లు), ఒక మూత, కొన్ని ఇటుకలు, రాళ్లు, 40 ఎంఎం మెటల్ (కంకర), ముతక ఇసుక, నైలాన్ వల. వేసవిలో మొదలుపెట్టి మృగశిర లోపు ముగించండి.

ఇంటి గోడకు కనీసం పది అడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకూ బావికీ బాగా ఎడంగా చోటు చూసుకోండి. రెండు మూడు అడుగులు తవ్వాక ఆగి, అట్టడుగున అడుగు లోతు చిన్న గుంత తీసి నీళ్లు పోయండి. ఒకసారి ఇంకనిచ్చి మళ్లీ నింపి, ఒక పుల్ల గుచ్చి గీత పెట్టండి. గంటకు అర అంగుళం కూడా దిగలేదంటే అది బంకమట్టి, అక్కడ గుంత దండగ. వేసవిలోనే నీటి చెమ్మ ఊరితే ఇంకా లోతుకు పోవద్దు. ఏటి ఒడ్డు ఇళ్లలో ఇది తరచూ తగులుతుంది. ఇసుక నేలల్లో ఇంకడం ఇబ్బంది కాదు, మురికి కూడా అంతే వేగంగా బావి నీటిదాకా దిగుతుంది.

నాలుగు అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఐదు లోతు చాలు. కింద పెద్ద రాళ్లు, పైన మెటల్, దాని మీద వల, వల మీద నాలుగు అంగుళాల ముతక ఇసుక. ఇటుక ముక్కలు నింపేవాళ్లున్నారు. ఇటుక నానితే నలుగుతుంది, రాళ్లే వేయాలి. రాళ్ల సందుల్లో నిలిచేది సుమారు 900 లీటర్లు. మిగతాది ఇంకుతూ పోతుంటే కొత్త నీరు వస్తుంటుంది.

డాబా నుంచి దిగే పైపుకు కింద ఒక టీ పెట్టి, దాని ఒక నోటికి మూత బిగించండి. సీజన్ మొదటి వానకు మూత తీసి, ఆ నీటిని కొబ్బరి చెట్టు పాదులోకి వదలండి. కనీసం వంద లీటర్లు పోయాక మూత వేయండి.

అందరూ చెడగొట్టేది: బురద చాంబర్

ఇంకుడు గుంతల ప్రచారం జోరుగా సాగిన రోజుల్లో తవ్వినవి ఇప్పుడు ఎన్ని పనిచేస్తున్నాయో మీ వీధిలోనే చూడండి. చాలావరకు చెత్తబుట్టలయ్యాయి. కారణం ఒక్కటే. పైపు నీళ్లను తిన్నగా గుంతలోకి వదిలేశారు. వాన నీళ్లలో కంటికి కనిపించని మెత్తటి మట్టి ఉంటుంది. అది రాళ్ల సందుల్లోకి దిగి పేరుకుని, రెండు మూడేళ్లలో గుంతను గచ్చులా మూసేస్తుంది. అప్పుడు రాళ్లన్నీ తీసి కడగాలి. ఆ పని ఎవరూ చేయరు, కొంతకాలానికి గుంతనే పూడ్చేస్తారు.

కాబట్టి గుంతకు ముందు ఇటుకలతో ఒక చాంబర్ కట్టాలి. లోపలి కొలత రెండు అడుగుల చదరం, మూడు అడుగుల లోతు. నీళ్లు వచ్చే పైపు నేలకు ఆరంగుళాల కింద. పోయే పైపు దాని ఎదుటి గోడకు, రెండు అంగుళాలు ఇంకా కిందకి. దగ్గరుండి చూడాల్సింది ఇక్కడే. మేస్త్రీకి వదిలేస్తే పోయే పైపును చాంబర్ అట్టడుగున పెడతాడు. "నీళ్లు మిగలకూడదు కదండీ" అంటాడు. నీళ్లు మిగలాలి! పైపు కింద రెండు అడుగుల లోతు నీరు కదలకుండా ఉంటేనే మట్టి అందులో కూర్చుంటుంది. పైపు కిందుంటే నీటితో పాటు మట్టి కూడా వెళ్లిపోతుంది, చాంబర్ కట్టిన ఖర్చు వృథా.

పోయే పైపు మొదట్లో ఒక టీ నిలువుగా పెట్టి, కింది నోటికి అడుగు పొడవు ముక్క వేలాడదీయండి. పై నోరు తెరిచే ఉంచండి. ఆకులూ ఆయిలు తెట్టూ పైన తేలతాయి, పైపు కింది నుంచి నీరు తీసుకుంటుంది. ఎల్బో (రెండు నోళ్ల వంపు ముక్క) చాలదా అని అడుగుతారు. చాలదు, పై నోటి నుంచి కర్ర పెట్టి అడ్డు తీయడానికి వీలుండాలి.

మరి దోమలు? చాంబర్ అట్టడుగున సిమెంటు పూయకుండా ఇటుకలు పేర్చి వదిలేస్తే వాన వెలిశాక నీరు మెల్లగా దిగుతుంది. పైన సందు లేని మూత ఉండాలి. డెంగీ దోమకు వారం పది రోజులు నిలిచిన నీళ్లు చాలు, అందుకే మూత విషయంలో మొహమాటం వద్దు.

రాళ్లు నింపకముందే పరీక్షించండి. చాంబర్‌ను మంచినీళ్లతో నింపి, ఒక బకెట్టులో ఎర్రమట్టి కలిపి వచ్చే పైపులో పోయండి. వెంటనే మంచినీళ్లు మగ్గుతో నెమ్మదిగా పోస్తూ అవతలి పైపు దగ్గర తెల్ల గిన్నె పట్టండి. గిన్నెలో రంగు కొంచెం ఉంటుంది, అది మామూలే. గిన్నె అడుగున ముతక మట్టి కూర్చుందంటే పైపు ఎత్తు తప్పింది, పగలగొట్టి మళ్లీ పెట్టించండి. అప్పుడు బద్ధకిస్తే తర్వాత తవ్వడమే.

పొంగు పైపు, ఆపైన

2018లో తిత్లీ లాంటి తుఫాను వస్తే ఏ గుంతా చాలదు. గుంత పైభాగాన ఒక పొంగు పైపు పెట్టి గడ్డి మీదుగా కాలువ వైపు వదలండి. వీధి కాలువ మీ వాకిలి కంటే ఎత్తులో ఉంటే (సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఇదే గొడవ) పైపును కాలువకు కలపొద్దు. తిరుగు నీళ్లు మీ గుంతలోకే వస్తాయి. పెరట్లో పల్లంగా ఉన్న మడికి మళ్లించండి.

పెద్ద వాన వెలిసిన ప్రతిసారీ చాంబర్ మూత తీసి చూడండి, జానెడు బురద పేరుకుంటే తీసేయండి. ఏడాదికోసారి వేసవిలో గుంత మీది ఇసుకను రెండు అంగుళాల మందాన గీకేసి కొత్తది వేయండి. చాంబర్లో తీసిన బురద పూల మొక్కలకు వేసుకోవచ్చు. ఇంటికి ఆనుకుని మెకానిక్ షెడ్డు ఉంటే మాత్రం కూరగాయల మడిలో వేయకండి.