గడ్డకట్టిన నీళ్ళ పైపును పగలకుండా కరిగించడం ఎలా?

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటా పల్లెల్లో జనవరి వచ్చిందంటే మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ రాత్రులు మామూలే. టవర్ అనే చిన్న ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 దాకా పడిపోయింది. రాష్ట్రంలో ఇప్పటికీ అదే రికార్డు. జే-1 వీసా వేవర్ (శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద ఇలాంటి చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు తెలుగు డాక్టర్లు కుటుంబాలతో వస్తుంటారు. కోట్లు, బూట్లు, మంచు టైర్ల గురించి చెప్పేవాళ్ళు వాళ్ళకు చాలామందే దొరుకుతారు. ఇంట్లో పైపు గడ్డకడితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ప్రతి చలికాలమూ ఎవరో ఒకరి ఇంట్లో నేను ఈ పని చేస్తూనే ఉన్నాను. చాలాసార్లు నేను వెళ్ళేసరికే చేయకూడనిది చేసేసి ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి: హెయిర్ డ్రయ్యర్, టార్చిలైటు, బకెట్, పాత తువ్వాళ్ళు, తోడుగా ఒక మనిషి. అంతే. ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఎండాకాలంలోనే చూసి పెట్టుకోవాలి. పల్లెల్లో ఎక్కువ ఇళ్ళకు సొంత బోరు ఉంటుంది కాబట్టి, పంపుకు కరెంటు ఆపే బ్రేకర్ ఏదో కూడా తెలిసి ఉండాలి. దాని మీద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అంటించండి.

ముందు ఎక్కడ గడ్డకట్టిందో చూడాలి. ఒక్క కుళాయే రాకపోతే తప్పు ఆ కుళాయికి వెళ్ళే పైపులోనే ఉంటుంది. ఇల్లంతా నీళ్ళు ఆగిపోతే, బోరు నీళ్ళను ఒత్తిడితో నిలవ ఉంచే ప్రెషర్ ట్యాంక్ దగ్గరికి వెళ్ళండి. ఒత్తిడి తగ్గగానే పంపును ఆన్ చేసే ప్రెషర్ స్విచ్‌కి వెళ్ళే సన్నటి గొట్టం గడ్డకట్టినా పంపు ఆన్ కాదు. అది చూడకుండా పంపు పాడైందనుకుని కంగారుపడేవాళ్ళు ఎక్కువ. బయటి గోడకు ఆనుకున్న వంటింటి సింక్ కింద, బేస్‌మెంట్‌లో పునాది మీద చెక్క దూలం ఆనే చోట, ఇంటి కింద ఇరుకు జాగాలో చేత్తో తడిమి చూడండి. మిగతా పైపుకంటే బాగా చల్లగా ఉన్నచోట, పైన తెల్లగా మంచు పట్టినచోట వెతుకుతున్నది దొరుకుతుంది. నేల లోపలి లైను గడ్డకట్టిందని తేలితే మీరు ముట్టుకోవద్దు, ఆ పని చేసేవాళ్ళను పిలవండి.

ఇప్పుడు అసలు పని. తొందరపడకుండా చదవండి.

హెయిర్ డ్రయ్యర్ చేతిలోకి తీసుకునే ముందే కుళాయి పూర్తిగా తిప్పి ఉంచాలి. నీళ్ళు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయన్నది అందరికీ తెలుసు. అందుకని పైపు మంచు ఉన్నచోటే పగులుతుందనుకుంటారు. చాలావరకు జరిగేది వేరు. మంచు గడ్డ పెరిగేకొద్దీ దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది, ఒక్కోసారి మంచుకు చాలా దూరంలో. కుళాయి తెరిస్తే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. ఈ ఒక్క పని చేయనివాళ్ళు ఎంతమందో!

రెండోది, వేడి ఎక్కడ మొదలుపెట్టాలన్నది. కుళాయి వైపు నుంచే మొదలుపెట్టి, మెల్లగా గడ్డ ఉన్న వైపుకు జరగాలి. ముందే గడ్డ మధ్యలో వేడి పెడితే అక్కడ కరిగిన నీళ్ళు, ఆవిరి రెండు వైపులా మంచు మధ్య చిక్కుకుంటాయి. బయటికి పోయే దారి లేక పైపును చీలుస్తాయి. డ్రయ్యర్‌ను ఒకేచోట పట్టుకోకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండండి. పైపు చేత్తో పట్టుకోగలిగేంత వెచ్చగా ఉంటే చాలు. అరగంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. టెన్షన్ పడి వేడి పెంచితే పని త్వరగా అవ్వదు, ప్లాస్టిక్ జాయింట్లు మాత్రం చెడిపోతాయి. మరిగే నీళ్ళు పైపు మీద పోయడమూ అంతే. వేడినీళ్ళలో పిండిన తువ్వాలు చుట్టడం మంచి పద్ధతి. నేల తడిగా ఉంటే డ్రయ్యర్ ముట్టుకోవద్దు, ముందు తుడవండి.

మూడోది, మంట. గ్యాస్ టార్చ్, బ్లో ల్యాంప్, కొవ్వొత్తి, ఏదైనా సరే, వద్దు. రాగి పైపు వేడిని గోడలోకి మోసుకుపోతుంది. అక్కడ చెక్క, దుమ్ము, ఇన్సులేషన్ ఉంటాయి. బయటికి ఏమీ కనిపించకుండా లోపల కుములుతూ కుములుతూ కొన్ని గంటల తర్వాత అంటుకుంటుంది. పైపు కరిగించబోయి ఇళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. పక్కింటి పెద్దాయన నలభై ఏళ్ళుగా గ్యాస్ టార్చ్‌తోనే చేస్తున్నానని చెప్పినా, మీరు చేయకండి. కిరోసిన్ హీటర్ ఇంట్లో పెట్టి తలుపులు మూసుకోవడం ఇంకా ప్రమాదం, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కరెంటు హీటర్ వాడితే ఎక్స్‌టెన్షన్ కార్డు లేకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. మీటరు దూరంలో గుడ్డ గానీ కాగితం గానీ ఉండకూడదు.

తోడు మనిషి ఎందుకో ఇప్పుడు చెబుతాను. పైపు అప్పటికే పగిలి ఉంటే ఆ పగులును మంచే మూసి ఉంచుతుంది. కరిగిన క్షణంలో నీళ్ళు చిమ్ముతాయి. మీరు సింక్ కింద ఉన్నప్పుడు ఒకరు మెయిన్ వాల్వ్ దగ్గర నిలబడి ఉండాలి. చిమ్మినట్టు కనిపించగానే వాల్వ్ కట్టేసి, పంపు బ్రేకర్ కూడా ఆపేయాలి. పగులు లేకపోతే కుళాయిలోంచి ముందు బొట్లు, తర్వాత సన్నటి ధార వస్తాయి. ధార రాగానే ఆపేయకండి, ఆ నడిచే నీళ్ళే మిగతా మంచును కరిగిస్తాయి. పూర్తి ధార వచ్చాక ఇంకాసేపు వదిలి, అప్పుడు కుళాయి కట్టి, పైపు పొడవునా చేత్తో తడిమి చూడండి.

ఇక కుళాయి కొంచెం కారనిస్తే గడ్డకట్టదనే సలహా. పట్నాల్లో వాళ్ళ నీళ్ళు పెద్ద మురుగు లైనులోకి పోతాయి కాబట్టి అక్కడ అది నడుస్తుంది. సెప్టిక్ ట్యాంక్ ఉన్న పల్లె ఇంట్లో అది కొత్త చిక్కు తెస్తుంది. సన్నగా కారే నీళ్ళు ట్యాంక్‌కు వెళ్ళే పైపులోనే పొరలు పొరలుగా గడ్డకట్టి, దీపం ఒత్తి మీద మసి పేరుకున్నట్టు దారి మూసేస్తాయి. తర్వాత బాత్‌రూమ్ మొత్తం ఆగిపోతుంది. కారనివ్వక తప్పదనుకుంటే కింద బకెట్ పెట్టి పట్టండి. సెప్టిక్ ట్యాంక్ మీది మంచును తీయకండి, తొక్కకండి, దాని మీద స్నోమొబైల్ నడపనివ్వకండి. మెత్తటి మంచు నేలకు దుప్పటి లాంటిది. అణిగిపోతే చలి లోతుకు దిగుతుంది.

నా మటుకు నేను కారనివ్వడం కంటే గాలి ఆపడానికే విలువిస్తాను. పైపు పక్కన గోడలో చిన్న కంత ఉన్నా, మైనస్ 30లో గాలి అందులోంచి దూసుకొస్తుంది. అక్టోబర్‌లోనే ఆ కంతలు ఫోమ్‌తో మూయాలి, తోట గొట్టం బయటి కుళాయికి తగిలించి ఉంచకూడదు. గొట్టం తగిలించి వదిలేస్తే చలికి పగలదని అమ్మే కుళాయి కూడా పగులుతుంది. రాత్రి వంటింటి సింక్ కింద తలుపులు తెరిచి ఉంచండి. ఇండియాకు వెళ్ళేటప్పుడు థర్మోస్టాట్ 13 డిగ్రీల కంటే తగ్గించవద్దు. మెయిన్ వాల్వ్, పంపు రెండూ ఆపి, కుళాయిలు తెరిచి పైపుల్లో నీళ్ళు ఖాళీ చేసి వెళ్ళండి. తాళం పక్కింటివాళ్ళకు ఇచ్చి, మూడు రోజులకొకసారి లోపలికి వెళ్ళి ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ నడుస్తోందో లేదో చూడమనండి.